కింద అండాలమ్మ సంతకం

అండాలమ్మ పుట్టి బుద్ధెరిగాక పెట్టిన సంతకాల్లో నూటికి తొంభై తన కూతురి ఇంగ్లీషు నోటుబుక్కులోనే ఉన్నాయి. వాటి పైన ఏం రాసి ఉందో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. తెలియకపోతే ఏం, పిల్ల చదువుకుంటోంది, అది చాలు అనుకుంది. మొన్న మంగళవారం పొద్దున దాకా అలా అనుకుని హాయిగా నిద్రపోయింది కూడా.

సంగతి అర్థం కావాలంటే ముందు పట్టాభి సారు గురించి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణం మీద టిఫిన్ సెంటర్, టిఫిన్ సెంటర్ మీద పట్టాభి సారు ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్. మనిషిది భీమవరం వైపు. హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన నోట్లోంచి గోదావరి నీళ్లు పోలేదు. డిగ్రీ అయిన కూతురు జ్యోతికను చేర్పించడానికి అండాలమ్మ తీసుకుపోయినప్పుడు ఆయన కుర్చీ ముందుకు లాక్కుని ఒక పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు.

"మా దగ్గర నాలుగు మాటలు నిషేధమండీ. గుడ్డు, బ్యాడు, హ్యాపీ, శాడు. ఈ నాలుగూ ఎల్‌కేజీ పిల్లలకి కూడా వచ్చు. అవి వాడితే పేజీ కొట్టేస్తాను. ఎవరి నోటా రాని మాట మీ అమ్మాయి నోట రావాలి. అప్పుడు ఉద్యోగం దానంతట అదే నడుచుకుంటూ వస్తుంది."

"మంచిది సార్," అంది అండాలమ్మ. ఉద్యోగం నడుచుకుంటూ రావడం ఆమెకు బాగా నచ్చింది. ఆమె ఉద్యోగానికి ఆమే రెండు బస్సులు ఎక్కి పోవాల్సి వస్తోంది మరి.

"ఇంకో నియమం. రోజుకి ఒక పెద్ద మాట ఇస్తాం. ఆ మాట పెట్టి, ఆ రోజు తనకి నిజంగా జరిగినదాని మీద నాలుగు వాక్యాలు రాయాలి. రాసి, ఇంట్లో ఒకరి మొహం చూస్తూ పైకి చెప్పాలి. విన్నవాళ్లు కింద సాక్షి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే ఆ మాట లెక్కలోకి రాదు."

"నాకు ఇంగ్లీషు రాదు గద సార్."

"రానక్కర్లేదండీ. వింటే చాలు. ఈ కాలం పిల్లలు ఫోన్లో చూసి కాపీ కొట్టేస్తున్నారు. మనిషి మొహంలోకి చూసి చెప్పాలంటే కాపీ కుదరదు, అదీ కిటుకు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి ఫీజు కట్టించుకునే చోటు ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది. కానీ అండాలమ్మకు ఆ నియమం విని లోపల ఎక్కడో పొంగింది. మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం అది. నెలకోసారి సంఘం పుస్తకంలో తప్ప ఆమె సంతకంతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు రోజూ కావాలట. చదువుకున్న సారు అడుగుతున్నాడు.

అప్పటినుంచి ఎల్బీ నగర్‌లో, సాగర్ రోడ్డు వెనక గల్లీలో ఉన్న వాళ్ల రెండు గదుల కిరాయి ఇంట్లో సాయంత్రానికి ఒక పద్ధతి వచ్చింది. అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఏడింటికల్లా ఇంటికి వచ్చేది. భర్త సైదులు డీసీఎం వ్యాను నడుపుతూ సూర్యాపేట, కోదాడ అంటూ రెండు రోజులకోసారి కనిపించే మనిషి కాబట్టి ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్లే. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, పోపుల డబ్బా పక్కన గ్లాసులో నిలబెట్టిన కలం తీసుకుని చాప మీద కూర్చునేది. జ్యోతిక నోటుబుక్కు తెరిచి, తల్లి మొహం చూసి, ఆ నాలుగు వాక్యాలూ చెప్పేది. అండాలమ్మ కళ్లు పెద్దవి చేసి వినేది.

"శభాష్ బిడ్డా! మంచిగ చెప్పినవ్," అని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం దింపేది. ఏదైనా మాట చెవికి ఇంపుగా ఉంటే వదిలిపెట్టేది కాదు. "గా తోకున్న మాట ఇంకోపారి చెప్పు," అని అడిగి మరీ చెప్పించుకునేది.

అలా పట్టుకున్న మాటల్లో ఒకటి 'మార్టిఫైడ్'. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే మర్నాడు హాస్టల్లో సాంబారు కలుపుతూ పైకే అంది. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న తిరుపతమ్మ కత్తిపీట ఆపింది.

"గదేం రోగమే అండాలు?"

"రోగం కాదు తిరుపతక్కా, ఇంగ్లీషు. మా జ్యోతిక నేర్పింది. మార్టిఫైడ్! మస్తున్నది గద ఇనడానికి?"

"మస్తే ఉన్నది. అంటే ఏంది?"

"నాకేం తెల్సు? ఏదో మంచిదే అయ్యుంటది."

ఇక మంగళవారం. ఇడ్లీలు వడ్డిస్తుంటే ఎలిజబెత్ అనే హాస్టల్ పిల్ల పళ్లెం పట్టుకుని వచ్చింది. ఈ పిల్లా జ్యోతికా పట్టాభి సారు దగ్గర ఒకే బ్యాచ్.

"ఆంటీ, జ్యోతికక్క ఎట్లున్నది? మా బ్యాచ్ అయిపోయినంక కలువనే లేదు."

"బ్యాచ్ అయిపోవుడేంది?"

"దసరాకు ముందే అయిపోయింది గదాంటీ. రెండు నెలలాయె. సర్టిఫికెట్లు గూడ ఇచ్చిన్రు."

ఆ పిల్ల చట్నీ వేయించుకుని వెళ్లిపోయింది. అండాలమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. క్లాసు అయిపోయి రెండు నెలలా? మరి జ్యోతిక రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని ఎక్కడికి పోతోంది? సరే, ఏ ఉద్యోగం వెతుక్కోవడానికో పోతోందనుకుందాం. నోటుబుక్కు ఎందుకు? నిన్న రాత్రి కూడా తను సంతకం పెట్టిందే! ఏ క్లాసుకు ఆ సంతకం? ఏ సారు చూడటానికి?

తిరుపతమ్మకు ఇలాంటివి ముందే వినపడతాయి.

"ఏమే, చదివిపిచ్చుకోకుండ రెండు నెలలు సంతకాలు పెట్టినవా? మీ మామ సంగతి యాదికి లేదా?"

"ఊకో అక్కా. నా బిడ్డ అసొంటిది కాదు."

"అసొంటిదని నేనెప్పుడన్న? సంతకం సంతకమే అన్న."

మామ సంగతి యాదికి లేకేం. అండాలమ్మ మామ జంగయ్య పొలం మోటరుకు కరెంటు వస్తుందని ఎవరో చెబితే నమ్మి కాగితం మీద వేలిముద్ర వేశాడు. కరెంటు రాలేదు, రెండెకరాలూ పోయాయి. ఆ ముసలాయన చచ్చేదాకా కుడి చేతి బొటనవేలు చూసుకుంటూ "గీ వేలే" అనేవాడు. ఆ పొలం పోబట్టే సైదులు నల్లగొండ పల్లె వదిలి స్టీరింగ్ పట్టాడు. ఇప్పుడు వాళ్లకు ఉన్న ఆధారమల్లా తుర్కయంజాల్‌లో నూరు గజాల జాగా. దాని కాగితాలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కాగితాల మీద ఉన్న పేరు అండాలమ్మది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి రాగానే ముందు ట్రంకు పెట్టె లాగి చూసింది. కాగితాలు ఉన్నాయి. ఉంటే మాత్రం? వేలిముద్ర వేసిన రోజు జంగయ్య కాగితాలు కూడా ఇంట్లోనే ఉన్నాయి. ఛీ, ఏం బుద్ధి నాది, కడుపున పుట్టిన దాన్ని, అని తనను తానే తిట్టుకుంది. అంతలో జ్యోతిక వచ్చి చాప పరిచింది. నాలుగు వాక్యాలు చెప్పింది. అండాలమ్మకు ఏమీ వినపడలేదు. అలవాటు కొద్దీ "మంచిగున్నది" అని సంతకం పెట్టేసింది. అడిగేద్దామని నోటి దాకా వచ్చింది. అడిగితే ఇన్నాళ్ల నమ్మకం అక్కడితో తెగినట్టే. అడగకపోతే నిద్ర పట్టేట్టు లేదు. నిద్ర పట్టలేదు కూడా.

గల్లీలో ఇంగ్లీషు వచ్చిన వాళ్లు లేకపోలేదు. కానీ కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కూతురి పుస్తకం పక్కింటి వాళ్లతో చదివిస్తే చీకటి పడే లోపల గల్లీ అంతా ఆ కథే అవుతుంది. బాగా ఆలోచించి అండాలమ్మ తనకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టింది. సంతకాల గొడవ వస్తే మనుషులు ఎక్కడికి పోతారు? కోర్టు దగ్గరికి పోతారు.

బుధవారం మధ్యాహ్నం హాస్టల్లో వంట అయ్యాక, ఫ్రిజ్ మీది నుంచి పొద్దున్నే ఎత్తుకొచ్చిన నోటుబుక్కును కూరగాయల సంచిలో గోంగూర కట్టల కింద పెట్టుకుని, ఆధార్ కార్డు చూపించి ఎల్బీ నగర్ బస్సెక్కింది. కోర్టు ఎదురుగా జిరాక్స్ దుకాణం వరండాలో దశరథ కూర్చుంటాడు. డాక్యుమెంట్ రైటర్. ముప్ఫై ఏళ్లుగా అమ్మకం కాగితాలు, కిరాయి ఒప్పందాలు, అఫిడవిట్లు రాస్తున్నాడు. నల్లగొండ వైపు వాళ్ల పక్క ఊరివాడే.

"ఏం చెల్లె, గోంగూర తెచ్చినవా?" అన్నాడు దశరథ సంచిలోకి తొంగి చూసి.

"గోంగూర కింద ఉన్నది చూడన్నా. నేను సంతకాలు పెట్టిన. ఏం మీద పెట్టిన్నో జర చదివి చెప్పాలె."

దశరథ అద్దాలు తుడుచుకుని నోటుబుక్కు తెరిచాడు. పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. ప్రతి పేజీకీ కింద 'అండాలమ్మ' అని గుండ్రటి అక్షరాలు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇన్ని సంతకాలా! ఇంత పెద్ద డాక్యుమెంటు నా సర్వీసుల చూడలేదు చెల్లె. సర్వే నంబరు ఎక్కడ? సరిహద్దులు ఎక్కడ?"

"నన్ను పరేషాన్ చెయ్యకు, చదువు."

ఆయన గొంతు సవరించుకుని మొదటి పేజీ మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క.

"మా అమ్మ... ఇగో ఇక్కడొక గుంత ఉన్నది... మనిషి. హాస్టల్ల చపాతీలు రెండుపార్లు లెక్క పెడుతది. ఒక్క పిల్ల గూడ ఆకలితోని పండకూడదని."

"గుంతేంది?"

"నాకు రాని మాట. నా ఇంగ్లీషంతా డాక్యుమెంట్ల ఇంగ్లీషు. తూర్పు, పడమర, సదరు ఆసామీ, గివే. మెటిక్యులస్ అట. నేనెప్పుడు రాయలే."

"అంటే నేను మంచి మనిషి అనా, చెడ్డ మనిషి అనా?"

"ఉండు." దశరథ ఫోను తీసి ఒక్కొక్క అక్షరం కొట్టాడు. ఫోను జవాబిచ్చింది. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు. "'సూక్ష్మ పరిశీలనాశీలత గల' అని చూపెడుతున్నది."

"గది ఏ భాష అన్నా?"

"తెలుగేనట."

ఇద్దరూ కాసేపు ఫోను వంక చూశారు. తెలుగూ కాని, ఇంగ్లీషూ కాని ఆ చోట ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి దశరథే ఒక తీర్మానానికి వచ్చాడు. గుంత వచ్చిన చోట గుంత అంటాడు, మిగతాది చదువుతాడు. రోడ్డంటే మాత్రం అంతా బాగుంటుందా, పక్కనుంచి పోతాం.

"మొదటి నుంచి వద్దన్నా," అంది అండాలమ్మ. "దసరా ముందు నుంచి చదువు. క్లాసు అయిపోయిన కాడినుంచి."

తారీఖులు చూసి ఆ పేజీ తీశాడు.

"ఇయ్యాలటితోని క్లాసు అయిపోయింది. సారు సర్టిఫికెట్ ఇచ్చిండు. ఇంటికొచ్చి చెప్దామనుకున్న. అమ్మ అప్పటికే చేతులు కడుక్కొని, అద్దాలు పెట్టుకొని, కలం పట్టుకొని కూసున్నది. నేను గుంత అయిన. రేపు చెప్త."

పేజీ తిప్పాడు. "ఇయ్యాల గూడ చెప్పలేదు. రోజు మొత్తంల అమ్మ కూసునేది గీ పది నిమిషాలే." కింద అండాలమ్మ సంతకం.

జాగా కాగితం అనుకుని భయపడుతూ వచ్చిన మనిషికి ఇదేంటో పాలుపోలేదు. భయం పోయినట్టే అనిపించింది, పోయిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

"ఆస్తి సంగతేమన్న ఉన్నదా అన్నా?"

"గజం గూడ లేదు చెల్లె. ఇదేదో వేరే ఉన్నది." దశరథ గొంతు కొంచెం తగ్గింది. "చదవాల్నా?"

"చదువు."

"ఇంటర్వ్యూల నాకొచ్చిన పెద్ద మాటలన్ని చెప్పిన. మేడం నవ్వింది. గివి ఎవరు నేర్పిన్రమ్మా, మామూలుగ మాట్లాడు అన్నది. మామూలుగ మాట్లాడుడు నాకెవ్వరు నేర్పలే. నేను గుంత." ఆయన పేజీ తిప్పాడు. "ఇయ్యాల ఇంకొక కాడ గూడ తీసుకోలే. మెట్రోల నిలబడి ఒచ్చిన, సీట్లు ఖాళీగున్నా గూడ. నేను గుంత."

ఇలా ఎన్ని గుంతలో. ఆ పుస్తకంలో ఎక్కడా గుడ్డు, బ్యాడు, హ్యాపీ, శాడు లేవు. పట్టాభి సారు చూస్తే ఒక్క పేజీ కూడా కొట్టేసేవాడు కాదు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

"ఇది నవంబరుది," అన్నాడు దశరథ. "ఫోన్ల వీడియో ఇంటర్వ్యూ. నా మాటలు ఇని ఆ సారు, నువ్వు ఎక్కడో చూసి చదువుతున్నవ్ అన్నడు. రెండు చేతులు పైకి లేపి చూపెట్టు అన్నడు. లేపిన. ఇంటర్వ్యూ అయిపోయేదాక దించనియ్యలే. ఐ వాజ్... మార్టిఫైడ్. ఆగు, ఫోన్ల కొడుత."

"వద్దన్నా."

"చిటికెల చెప్తది."

"వద్దంటున్న గద!" అండాలమ్మ గట్టిగా అనేసరికి జిరాక్స్ దుకాణం వాడు తల తిప్పి చూశాడు. "గా గుంతల ఏమున్నదో నాకు తెల్సు."

నిజంగానే తెలుసు. ఆ సాయంత్రం ఆమెకు కళ్లకు కట్టినట్టు ఉంది. హాస్టల్ నుంచి బగారా వంకాయ తెచ్చిన రోజు. జ్యోతిక తినలేదు. చాప మీద కూర్చుని, తల్లి మొహం చూసి చెప్పాల్సిన పిల్ల గోడ చూసి చెప్పింది. చెబుతుంటే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. అండాలమ్మ ఏమంది? "శభాష్ బిడ్డా, గా తోకున్న మాట ఇంకోపారి చెప్పు," అంది. పిల్ల చెప్పింది. "ఇంకోపారి," అంది. పిల్ల మళ్లీ చెప్పింది. మర్నాడు తను ఆ మాటను సాంబారులో గరిటెతో పాటు తిప్పుతూ తిరుపతమ్మకు వినిపించింది. ఏదో మంచిదే అయ్యుంటదని చెప్పింది.

దశరథ చివరి పేజీకి వచ్చాడు. అది మంగళవారానిది, ట్రంకు పెట్టె తెరిచి చూసిన రోజుది.

"సోమవారం నుంచి దిల్‌సుఖ్‌నగర్ల చీరెల దుకాణంల చేరుతున్న. రాత్రి పది దాక ఉండాలె. ఇగ సాయంత్రం సంతకం ఉండదు. నా బిడ్డ ఆఫీసుల చేస్తది అని అమ్మ హాస్టల్ల అందరికి చెప్పుకున్నది. ఎట్ల చెప్పాలె? నేను గుంత." ఆయన పుస్తకం మూసి ఆమె ముందు పెట్టాడు. "అంతే చెల్లె. భయపడేది ఏం లేదు."

"అన్నా, 'శాడ్' అని రాసుంటే నీకు తెలుస్తుండెనా?"

"శాడ్ తెల్వకేంది? అందరికి తెల్సు."

"నాకు గూడ తెల్సు," అంది అండాలమ్మ. "గా ఒక్క మాట అని ఉంటే నేను అప్పుడే లేచి పిల్లను దగ్గరికి తీసుకుంటుంటి గదన్నా." అంటూనే వరండా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. దశరథ ఏం చెయ్యాలో తెలియక గోంగూర కట్టలు సంచిలో సర్ది పెట్టాడు.

తిరిగి హాస్టల్‌కు పోయింది, రాత్రి వంట చేసింది, పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. చపాతీలు మాత్రం లెక్క పెట్టింది. తిరుపతమ్మ అడిగితే "జాగా భద్రంగనే ఉన్నది," అని ఊరుకుంది. బస్సులో కూర్చుని ఏం చెయ్యాలో ఆలోచించింది, తోచలేదు. కూతురి మీద జాలి వస్తోంది, వెంటనే కోపం వస్తోంది. చీరల దుకాణంలో చేస్తే ఏమైంది? తను వండటం లేదా, తండ్రి వ్యాను నడపడం లేదా? గింత దానికి రెండు నెలలు దాస్తుందా? దాచిందా? ఎక్కడ దాచింది, రోజూ మొహం మీదే చెప్పింది కదా! ఎదురుగా కూర్చుని చెబుతుంటే సంతకం పెట్టింది ఎవరు? ఇంతకీ ఎవరి మీద కోపపడాలో కూడా తెలియకుండానే ఆమె స్టాపు వచ్చేసింది.

జ్యోతిక అప్పటికే చాప వేసింది. ఫ్రిజ్ మీద చేత్తో తడుముతోంది.

"అమ్మా, నా నోటుబుక్కు చూసినవా?"

అండాలమ్మ సంచిలోంచి తీసి ఇచ్చింది. పుస్తకానికి గోంగూర ఆకు ఒకటి అంటుకుని ఉంది. జ్యోతిక ఆకు చూసింది, తల్లిని చూసింది. గబగబా ఏదో రాసుకుంది. అండాలమ్మ చేతులు కడుక్కుంది, అద్దాలు పెట్టుకుంది, కలం తీసుకుని కూర్చుంది. జ్యోతిక చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాల్లో అండాలమ్మకు అందినవి రెండే మాటలు, 'మదర్', 'మండే'. ఈసారి ఆమె మాటలు వినలేదు, మొహం చూసింది. పెదవులు నవ్వుతున్నాయి, గడ్డం వణుకుతోంది. ఇన్నాళ్లూ మొహం చూడమని సారు చెప్పింది పిల్లకే కానీ తనకు కాదు కదా అనుకుంది.

"చెప్పిన అమ్మా. సంతకం."

అండాలమ్మ కలం మూత పెట్టింది.

"తెలుగుల చెప్పు."

"ఏం లేదమ్మా. ఇయ్యాల మంచిగున్న, సోమారం నుంచి కొత్త పని ఉంటది అని."

"నీ మొఖం గట్ల లేదు."

అండాలమ్మ నోటుబుక్కు తీసుకుని, కొత్త పేజీ తిప్పి, కలం కూతురి చేతిలో పెట్టింది.

"ఇయ్యాల నేను చెప్త. నువ్వు రాయి. తెలుగుల రాయి."

"ఏంది అమ్మా?"

"రాయమంటున్న గద. 'నేను నా బిడ్డను అనుమానించిన.' రాసినవా? 'జాగా మీద సంతకం తీసుకుందేమో అనుకున్న. పుస్తకం దొంగతనంగ తీస్కపోయి దశరథన్నతోని చదివిపిచ్చిన.'"

జ్యోతిక కలం ఆగిపోయింది. కళ్లెత్తి చూసింది.

"రాయి బిడ్డా, అయిపోలే. 'నా బిడ్డ చేతులు పైకి లేపి ఇంటర్వ్యూ ఇచ్చిన నాడు నేను శభాష్ అన్న. ఇంకోపారి చెప్పు అని అడిగిన.'" అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ తీసింది. "'చీరెల దుకాణం పని మంచి పనే. పదింటికొస్తె పదింటికే సంతకం. కలం తీసుకొని కూసుంట.' అంతే. ఇగ కింద నువ్వు సంతకం పెట్టు. నువ్వు సాక్షివి."

జ్యోతిక సంతకం పెట్టలేదు. పేజీలో శభాష్ అనే మాట దగ్గర సిరా తడిసి పాకింది, దాని తర్వాత ఏమీ రాసి లేదు.

"నాకు రాసుడు రాలేదమ్మా," అంది. "ఇంకోపారి చెప్పు."

అండాలమ్మ జరిగి దగ్గరగా కూర్చుని, కూతురి మొహం చూస్తూ, మొదటి నుంచి మళ్లీ చెప్పింది.